పదో పేజీ దాటడం లేదు: వింత కథలు, అస్తిత్వ నవలల్లో ముందు ఏది పట్టుకోవాలి?

కావలి ప్యాసింజర్:

అందరికీ నమస్కారం. చదవడం పూర్తిగా ఆగిపోయింది. పుస్తకాలకు కొదవ లేదు. డిటెక్టివ్ నవల తీసినా, కుటుంబ నవల తీసినా పదో పేజీకల్లా మిగతాదంతా ముందే తెలిసిపోతున్నట్టుంది, మూసేస్తున్నాను. అందుకే కాస్త కాళ్ల కింద నేల కదిలే రకం కావాలి. అధివాస్తవికం (కలలా సాగే రాత) అనండి, అస్తిత్వవాదం (బతుక్కి అర్థమేమిటని వెతికే రాత) అనండి, మాజిక్ రియలిజం (మామూలు బతుకులో మాయ కలిసిపోయే రాత) అనండి, పేరుతో నాకు పట్టింపు లేదు.

తెలుగులో రాసినవైతే మేలు. ఇంగ్లీషు చదవగలను గానీ ఇంట్లో, రాత్రిపూట మాత్రమే. పగలు చదివేదంతా కావలి-నెల్లూరు రైల్లో. పోను గంట, రాను గంట, సగం రోజులు నిలబడే. కాబట్టి లావు పుస్తకం కుదరదు. ఇంట్లో బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, నవీన్ ‘అంపశయ్య’, వడ్డెర చండీదాస్ ‘అనుక్షణికం’ ఉన్నాయి. వీటిల్లో ఏదన్నా మొదలుపెట్టమంటారా, ఇంకేదన్నా చెబుతారా? కొనడానికో, అరువు తెచ్చుకోవడానికో నెల్లూరు, ఒంగోలు వైపు దారి కూడా చెప్పండి.

పెన్నా గట్టు:

ఆ మూడింటినీ ఇప్పుడు ముట్టుకోవద్దు. మూడూ గొప్ప నవలలే, ఆ గొప్పతనమే ఇప్పుడు మీకు అడ్డం.

వింత అనేది రెండు చోట్ల ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో జరిగే సంగతి వింతగా ఉంటుంది, చెప్పే వాక్యం మాత్రం ప్రభుత్వ ఉత్తర్వులా తిన్నగా నడుస్తుంది. ఇంకొన్నింట్లో జరిగేది మామూలు సంగతే, వాక్యమే మెలికలు తిరుగుతుంది. చదువు ఆగిపోయినవాడికి మొదటి రకమే పనికొస్తుంది. కారణం తేలిక. మీ దగ్గర ఇప్పుడు లేనిది కుతూహలం కాదు, వాక్యం చివరిదాకా పట్టుకుని కూచునే ఓపిక. ‘అంపశయ్య’ సరిగ్గా ఆ ఓపికనే అడుగుతుంది. యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, అదంతా అతని తలలోంచే. ఆలోచన మధ్యలో ఇంకో ఆలోచన, దాంట్లో ఒక జ్ఞాపకం, మళ్లీ బయటి చప్పుడు. అది చైతన్య స్రవంతి పద్ధతి. రైల్లో ప్రతి స్టేషనుకీ తల ఎత్తేవాడు మళ్లీ పుస్తకంలోకి దిగినప్పుడు ఆ తీగ ఎక్కడ తెగిందో దొరకదు.

‘అనుక్షణికం’ కష్టం వేరు. డెబ్బైల నాటి ఉస్మానియా క్యాంపస్, లెక్కకు అందని మనుషులు. మొదటి యాభై పేజీల్లో వచ్చిన పేరు ఎప్పుడో చాలా దూరంలో మళ్లీ వస్తుంది. రోజుకు పది పేజీల మనిషి ఆ పేరు మర్చిపోయి ఉంటాడు. ‘చివరకు మిగిలేది’ వాక్యాలు అంత కష్టం కావు గానీ, కథను నడిపేది సంఘటనలు కావు, కథానాయకుడు దయానిధి తలపోత. చదువు జోరు మీద ఉన్నప్పుడు దానంత మంచి తోడు లేదు. ఇప్పుడు తీస్తే మీ విసుగూ అతని విసుగూ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియదు.

మొదలు కె.ఎన్.వై. పతంజలి నవలలతో పెట్టండి. ముందు ‘వీరబొబ్బిలి’, తర్వాత ‘గోపాత్రుడు’, ఆ తర్వాత ‘పిలకతిరుగుడు పువ్వు’. ఈ వరస మార్చొద్దు. ‘గోపాత్రుడు’లో అలమండ ఊరు మొత్తం భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న పేచీ మీద రెండుగా చీలుతుంది. ఆ పేచీయే ‘పిలకతిరుగుడు పువ్వు’లో కోర్టుకెక్కుతుంది. ‘వీరబొబ్బిలి’ అన్నది రాజుల ఇంటి కుక్క పేరు, దానికి తనదంటూ ఒక అభిప్రాయమూ ఒక మర్యాదా ఉన్నాయి. మూడూ చిన్నవే. వీటిని హాస్యం అని పక్కన పెట్టేవాళ్లున్నారు. మనుషులు నమ్మకం కోసం ఎంత దూరం పోతారు, చట్టం ఆ నమ్మకాన్ని ఎలా విచారిస్తుంది అన్నది ఇంతకంటే కరుకుగా రాసినవాళ్లు మనకు తక్కువ. నవ్వు ఉంది కాబట్టి పేజీ తిరుగుతుంది, మీకు ముందు కావలసింది అది.

దాని తర్వాత త్రిపుర అనే రచయిత కథల్లో ‘భగవంతం కోసం’. భగవంతం అనే మనిషి కోసం ఎదురుచూడటం, అంతే కథ. ఒక్కసారి కూచుంటే అయిపోతుంది. అది నచ్చితే ‘పాము’ తీయండి. నచ్చకపోతే మొత్తం త్రిపురనే వాయిదా వెయ్యండి, బలవంతం వద్దు. ఆయన రాసిన కథలన్నీ కలిపినా పదిహేనుకు అటూ ఇటూ, ఎక్కడికీ పోవు.

అద్దంకి బస్టాండు:

పెన్నా గట్టు అన్నా, సగమే ఒప్పుకుంటా. వాక్యం వింతగా ఉండేవి కళ్లతో చదివితేనే బరువు. పైకి చదివితే వేరే సంగతి. రావిశాస్త్రి ‘అల్పజీవి’ చూడండి. భయస్థుడైన చిన్న గుమాస్తా సుబ్బయ్య, అతని చుట్టూ పెద్ద గొంతుల మనుషులు. అదీ చైతన్య స్రవంతే. కానీ ఆ వాక్యం చెవి కోసం రాసింది. ఒక మాట చెప్పి, అదే మాట ఇంకోరకంగా తిప్పి, మూడోసారి పోలికతో కొడతాడు. మౌనంగా చదివినప్పుడు కన్ను మొదటి మాట దగ్గరే అర్థమైపోయిందనుకుని మిగతా రెండూ దాటేస్తుంది, అలా దాటేస్తూ పోయి ఏమీ మిగల్లేదని పుస్తకం మూసేస్తారు. రాత్రి ఇంట్లో నాలుగు పేజీలు పెదవి కదిలిస్తూ చదవండి, తేడా మీకే తెలుస్తుంది. రైల్లో వద్దు, పక్కవాళ్లు జరిగి కూచుంటారు (సీటు దొరికే ఉపాయం కావాలంటే మాత్రం నిక్షేపంగా చదవొచ్చు).

ఇంకో దారి, వచనం కాకుండా కవిత్వంతో గొంతు సవరించుకోవడం. ఇక్కడ నెల్లూరు వాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. తెలుగులో ఇలాంటి అల్లరికి పాత పెట్టుబడి మీ ఊరిదే. పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, నెల్లూరు మనిషి. ‘ఫిడేలు రాగాల డజన్’ 1939లో వచ్చింది. ఛందస్సునీ, సంప్రదాయాన్నీ, మద్రాసు వీధుల్నీ కలిపి వెక్కిరించిన పుస్తకం. ఆయనే తర్వాత 1970లో కన్నడంలో ‘సంస్కార’ సినిమా తీశారు. చాలామందికి ఆ సినిమా తెలుసు, ఈ పుస్తకం తెలియదు. చిన్న పుస్తకం, రెండు స్టేషన్ల మధ్య ఒక పద్యం పడుతుంది. ఇది హాయిగా సాగితే అజంతా ‘స్వప్నలిపి’కి పోవచ్చు. దానికి 1997లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అందులో అడుగడుగునా పీడకల ఉంటుంది, రోజుకు ఒక కవిత మించి చదవకండి. ఎక్కువ చదివితే అన్నీ ఒకేలా అనిపిస్తాయి, దోషం కవిది కాదు.

మాజిక్ రియలిజం కోరుకునేవాళ్లకి మునిపల్లె రాజు ‘అస్తిత్వనదం ఆవలి తీరాన’. 2006లో అకాడెమీ బహుమతి పొందిన కథల సంపుటి. ఆ ధోరణిని తెలుగులో పేరు పెట్టి మరీ నిలబెట్టినవాడు ఆయన. సంపుటిని మొదటినుంచి వరసగా చదవొద్దు. మధ్యలో ఏదో ఒక చిన్న కథ తీయండి. ఆయన పురాణాన్నీ పల్లెనీ పట్టణాన్నీ ఒకే పేరాలో కలుపుతాడు, దానికి చెవి అలవాటు పడటానికి రెండు కథలు పడుతుంది. మొదటి కథకే తీర్పు చెప్పకండి.

డా. వి. చంద్రశేఖరరావు మాట ఎవరూ ఎత్తలేదేం? ‘జీవని’, ‘లెనిన్ ప్లేస్’, ‘మాయలాంతరు’, ‘ద్రోహవృక్షం’ కథాసంపుటాలు. ‘నల్లమిరియం చెట్టు’ నవల. ఊళ్లో జరిగిన అన్యాయాన్ని కలలోంచి చెప్పే పద్ధతి ఆయనది. సంపుటం అంతా ఒకేసారి చదివితే కలల మీద కలలు పేరుకుంటాయి. రెండు కథలకు మధ్య తిన్నగా నడిచే కథ వేరేవాళ్లది ఒకటి పెట్టుకోండి.

చివరగా అన్నిటికంటే ముఖ్యం: ముందుమాటలు చదవొద్దు. మన పుస్తకాలకు ముగ్గురు నలుగురు ముందుమాటలు రాస్తారు. ఒకరు కథ మొత్తం చెప్పేస్తారు, ఇంకొకరు కాఫ్కాతో పోలుస్తారు, మూడో ఆయన రచయితతో తన స్నేహం చెబుతారు. అవి అయ్యేసరికి ముప్ఫై పేజీలు, రైలు బిట్రగుంట దాటిపోతుంది, మీరు కథలోకే రాలేదు. వాటిని వెనక్కి పెట్టి ఆఖర్లో చదివితే వాటి విలువ వాటికుంటుంది.

పాత పుస్తకాల బీరువా:

దొరికే దారి గురించి నేను చెబుతాను.

నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి. డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే ఇంటికిస్తారు. వెళ్లేటప్పుడు రచయిత పేరు పూర్తిగా రాసుకుపోండి. ‘పతంజలి’ అని మాత్రమే అడిగితే యోగసూత్రాలు చేతిలో పెడతారు, ‘త్రిపుర’ అంటే త్రిపురా రహస్యం వస్తుంది. కె.ఎన్.వై. పతంజలి అనీ, ‘త్రిపుర కథలు’ అనీ చెప్పాలి. రావిశాస్త్రి కోసం రాచకొండ విశ్వనాథశాస్త్రి పేరున కూడా చూడమనండి. చిన్న పుస్తకాలు తరచుగా లావు పుస్తకాల వెనక్కి పడి ఉంటాయి. జాబితాలో ఉండి అరలో లేదంటే పోయిందని అనుకోకుండా ఆ అర వెనక చెయ్యి పెట్టి చూడండి.

ఒకప్పటి ప్రకాశం జిల్లాలోదే వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో మొదలైంది, 1929లో గాంధీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు ఊరు బాపట్ల జిల్లాలోకి పోయింది. పాత పత్రికల బైండ్లు చూడాలంటే మన దిక్కున దానికి సాటి లేదు. అక్కడికి నవల కోసం వెళ్లొద్దు, అది దండగ ప్రయాణం. ‘భారతి’ పాత సంచికల్లో త్రిపుర కథ ఒకటి అచ్చయిన పేజీలోనే చూడాలన్న సరదా ఉంటే వెళ్లండి. పక్క పేజీలో ఏ పద్య విమర్శో ఉంటుంది, మధ్యలో ఈ కథ. అది ఎంత వేరుగా ఉందో సంపుటిలో చదివితే తెలియదు.

కొనాలంటే విజయవాడే మేలు. కావలి నుంచి పొద్దున బండెక్కితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు. ఏలూరు రోడ్డులో కొత్త పుస్తకాల దుకాణాలు, లెనిన్ సెంటర్‌లో పాతవి. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం ఉంటుంది, ఒకే చోట ప్రచురణకర్తలందరూ దొరుకుతారు. పతంజలిది సాహిత్య సర్వస్వం కాకుండా విడి పుస్తకాలు అడగండి. సర్వస్వం ఇంట్లో బల్ల మీదికి, నిలబడి చదివే చేతికి కాదు.

ఫోన్లో చదివేట్టయితే రెండు రకాలు గుర్తు పెట్టుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఉన్నాయి. తెలుగు అక్షరాల్లో వెతికితే చాలావరకు దొరకవు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరి ఇష్టం వచ్చిన వర్ణక్రమంలో ఎక్కించారు. దీర్ఘానికి ఒక ‘ఎ’ పెట్టి ఒకసారి, రెండు ‘ఎ’లు పెట్టి ఒకసారి, మహాప్రాణానికి ‘హెచ్’ తీసేసి ఒకసారి వెతకండి. పుస్తకం పేరుతో రాకపోతే రచయిత ఇంటిపేరుతో. కథల కోసమైతే కథానిలయం సైటు ఇంకా తేలిక. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయానిదే అది. రచయిత పేరు కింద కథల పట్టిక, చాలావాటికి పత్రికలో అచ్చయిన పేజీల స్కాను.

స్కానుతో వచ్చే చిక్కు: అది బొమ్మ, అక్షరాలు కావు. అక్షరం పెద్దది చేస్తే పేజీ మొత్తం పెద్దదవుతుంది, ప్రతి లైనుకీ వేలితో పక్కకు జరపాలి. తెలుగులో ఒత్తులు కింద ఉంటాయి కాబట్టి చిన్న తెర మీద ముందు చెడేవి అవే. ‘త’ ఒత్తో ‘న’ ఒత్తో తేలక మీరు వాక్యం రెండోసారి చదువుతారు, అలసట పుస్తకం మీదికి నెడతారు. ఫోను అడ్డంగా తిప్పి, అంచులు కత్తిరించే సదుపాయం ఉన్న రీడర్‌లో తెరవండి. ఇంకా మంచిది కథ ఒక్కటీ ప్రింటు తీయించడం. ఎ4 కాగితం మీద పక్కపక్కన రెండు పేజీలు, వెనకా ముందూ. పదహారు పేజీల కథ నాలుగు కాగితాలవుతుంది, మడిచి జేబులో పెట్టుకోవచ్చు. చదివే పేజీలు ముందే లెక్క తెలిసి ఉండటం కూడా ఒక ధైర్యం.

కొనే ఈ-పుస్తకాల్లో పీడీఎఫ్‌గా వచ్చేవాటికీ ఇదే తంటా. పాత ‘అను’ ఫాంట్లలో టైపు చేసినవి అయితే అక్షరం పెంచి లైన్లు మళ్లీ సర్దుకునేలా చెయ్యలేరు. కొనేముందు నమూనా పేజీలు మీ ఫోన్లోనే తెరిచి చూసి కొనండి.

కావలి ప్యాసింజర్:

చాలా థ్యాంక్స్ అందరికీ. రెండు సందేహాలు. పతంజలి యాస ఉత్తరాంధ్రది, మనకు మాట మాటకూ ఆగాల్సి వస్తుందేమో? రాత్రిపూట ఇంగ్లీషులో చదవడానికి వరస ఏదన్నా చెబుతారా? కాఫ్కా ‘ది ట్రయల్’ ఉంది, అది తీయనా?

పెన్నా గట్టు:

యాస సంగతి: ఆగొద్దు. నాలుగైదు పేజీల్లో క్రియల చివర్లు చెవికి పడతాయి, తర్వాత మన ‘యాడ’, ‘ఏంది’ లాగే నడిచిపోతుంది. తెలియని మాట పెన్సిలుతో గీత పెట్టి ముందుకు పొండి. అధ్యాయం చివర ఆ గీతలు మళ్లీ చూస్తే ముప్పాతిక వంతు సందర్భాన్ని బట్టి తేలిపోయి ఉంటాయి. నిఘంటువు తీసిన ప్రతిసారీ ఫోను తీస్తారు, ఫోను తీశాక పుస్తకం ఉండదు.

‘ది ట్రయల్’ వద్దు. అది కాఫ్కా పోయాక 1925లో స్నేహితుడు మాక్స్ బ్రాడ్ అచ్చు వేయించింది. పూర్తి కాని నవల, అధ్యాయాల వరస కూడా బ్రాడ్ పెట్టిందే. మొదలు చురుగ్గా ఉంటుంది. మధ్యలో లాయర్లు, చిత్రకారుడు, కోర్టు నడత గురించిన పొడుగాటి మాటలు. సరిగ్గా అక్కడ వదిలేస్తారు. దాని లోపలే ఉన్న ‘బిఫోర్ ది లా’ అనే నీతికథ లాంటిది రెండు పేజీలు విడిగా చదవండి. చట్టం గుమ్మం ముందు కాపలావాడు, లోపలికి పోవాలని వచ్చిన పల్లెటూరి మనిషి. మన ఆఫీసుల్లో తిరిగినవాళ్లకి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇప్పుడు వరస. మొదట గొగోల్ ‘ది నోస్’, 1836. మంగలి రొట్టె కోస్తే అందులో ముక్కు. ఆ ముక్కు పోగొట్టుకున్న అధికారికంటే పై హోదా యూనిఫారంలో ముక్కు ఊరంతా తిరుగుతుంది. అతను పత్రికాఫీసుకు పోయి ప్రకటన వేయమంటే గుమాస్తా పత్రిక పరువు పోతుందని ఒప్పుకోడు. మూడు భాగాలు, ఒక రాత్రి. ఎందుకు జరిగిందో రచయిత చెప్పడు. చెప్పలేదేమని వెతుక్కుంటూ కూచుంటే కథ చేజారుతుంది.

తర్వాత కాఫ్కా ‘మెటమార్ఫసిస్’, 1915. ఇదీ మూడు భాగాలే, ఒక్కోటి ఒక్కో రాత్రికి. భాగం మధ్యలో ఆపొద్దు. ప్రతి భాగమూ పురుగైపోయిన గ్రెగర్ గది దాటి రావడమూ, మళ్లీ లోపలికి పోవాల్సి రావడమూ చుట్టూ కట్టి ఉంది, సగంలో ఆపితే ఆ బిగువు తెలియదు. పురుగైపోయి లేచినవాడి మొదటి బెంగ ఏమిటంటే ఐదు గంటల బండి తప్పింది, గడియారం ఆరున్నర, ఇక ఆఫీసులో ఏం చెప్పాలి? ఈలోగా ఆఫీసు పెద్ద గుమాస్తా ఇంటికే వచ్చేస్తాడు. డేవిడ్ విల్లీ అనువాదం గూటెన్‌బర్గ్ సైట్లో ఉచితం. అది అక్షరాల ఫైలు కాబట్టి ఫోన్లో అక్షరం ఎంతైనా పెంచుకోవచ్చు. అందరూ పురుగుకు అర్థం ఏమిటని అడుగుతారు. ఇంటి ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఎప్పుడు ఆపారు అన్నది గమనిస్తూ చదవండి, కథ ఇంకోలా తెరుచుకుంటుంది.

మూడోది కామూ ‘ది స్ట్రేంజర్’, 1942. మొదటి భాగం ఆరు అధ్యాయాలు, రెండోది ఐదు. పొట్టి వాక్యాలు. చదువు ఆగినవాళ్లకు ఇది తరచుగా సాయపడుతుంది, రెండో అధ్యాయంలో మాత్రం చాలామంది ఆగిపోతారు. శనివారం ఈత, సినిమా అయ్యాక, ఆదివారం మధ్యాహ్నం బాల్కనీలో కూచుని వీధి చూడటం తప్ప అందులో ఏమీ జరగదు. అది తెలిసి పెట్టింది, దాటండి. కామూ తత్త్వవ్యాసాలు ముందు చదివి దీనికి వస్తే ప్రతి వాక్యంలో తత్త్వం వెతుకుతారు, మెర్సో అనే మనిషి కనబడడు.

అద్దంకి బస్టాండు:

ఆ వరసకు నేను రెండు కలుపుతా, ఒకటి తీసేయమంటా.

కలిపేది కాల్వినో ‘ఇన్‌విజిబుల్ సిటీస్’, 1972. మార్కో పోలో కుబ్లాయ్ ఖాన్‌కి తాను చూసిన ఊళ్లు చెబుతుంటాడు. 55 ఊళ్లు, తొమ్మిది భాగాలు, ఒక్కో ఊరు ఒకటి రెండు పేజీలు. కథ లేదు కాబట్టి మర్చిపోయేది లేదు. ఎక్కడ ఆపినా నష్టం లేదు. మిగతా పుస్తకం ఆగినా రోజుకు ఒక ఊరు చదివితే అలవాటు తెగదు. ఒకే రోజు పది ఊళ్లు చదివితే మాత్రం పంచదార ఎక్కువైన కాఫీ అవుతుంది.

రెండోది కోబో అబే ‘ది వుమన్ ఇన్ ది డ్యూన్స్’, 1962. పురుగులు పట్టడానికి సముద్రపొడ్డు ఊరికి వచ్చిన బడిపంతులు ఇసుక గుంటలో ఒక ఇంట్లో చిక్కుకుంటాడు. ఇల్లు పూడిపోకుండా రోజూ ఇసుక తోడాలి. మైపాడు, కొత్తపట్నం దిక్కు ఇసుక గాలి తెలిసినవాళ్లకు నోట్లో పలుకు తగులుతుంది. ఇది నవల, ‘మెటమార్ఫసిస్’ అయ్యాకే. తప్పించుకుంటాడా లేదా అన్న ప్రశ్న చివరిదాకా లాగుతుంది, అస్తిత్వ నవలల్లో ఈ సుగుణం అరుదు.

తీసేయమనేది ‘స్ట్రేంజర్’ కాదు, దాని వెంటనే ఇంకో చీకటి పుస్తకం. ఎవరో ఒకరు వచ్చి సార్త్ర ‘నాసియా’ చదవమంటారు, హెదాయత్ ‘బ్లైండ్ ఔల్’ చదవమంటారు. తెలుగులోనైతే కాశీభట్ల వేణుగోపాల్ ‘నేనూ చీకటి’, ‘తపన’ అంటారు. కాశీభట్ల గొప్ప రచయితే. ఆ గొంతు మనిషిని గట్టిగా పట్టుకుంటుంది, వదలదు. ఇలాంటివి రెండు వరసగా చదివితే చదువు తిరిగి రావడానికి బదులు మనసు కుంగుతుంది. ప్రతి చీకటి పుస్తకానికీ తర్వాత పతంజలి ఒకటి.

ఇంకో మాట, సలహాగా తీసుకోండి. పుస్తకం ఒక్కటే కాకుండా తిండి, నిద్ర, మనుషులతో మాట అన్నీ రుచి పోయి రెండు వారాలు దాటితే అది చదువు సమస్య కాదు. అప్పుడు నవలల చిట్టా పనికిరాదు, డాక్టరును చూడాలి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

మైపాడు గేటు:

రుల్ఫో ‘పెద్రో పారమో’ (1955) ఎవరూ చెప్పకపోవడం ఆశ్చర్యం. నూట ఇరవై పేజీలకు అటూ ఇటూ. తండ్రిని వెతుక్కుంటూ హువాన్ ప్రెసియాదో కొమాలా ఊరు పోతాడు, ఆ ఊళ్లో మాట్లాడేవాళ్లలో బతికున్నది ఎవరో తెలియదు. అధ్యాయాల నంబర్లు లేవు, తెల్ల జాగా విడిచిన ముక్కలు మాత్రమే. సగంలో కథ చెప్పే గొంతు మారిపోతుంది. చాలామంది అక్కడ ముద్రణ దోషమనుకుని వెనక్కి తిప్పుతారు. తప్పిపోకుండా ఉండాలంటే ఒక చీటీ మీద పేర్లు రాసుకోండి, పేరు పక్కన ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక్క ముక్క. ఇంకో మాట: ముక్క మొదలైన వెంటనే కాలం ఏదో తేల్చుకోవాలని చూడకండి, రెండు మూడు వాక్యాలు పోనివ్వండి, అదే తేలుతుంది. ఇది ఆ వరసలో ఐదోదో ఆరోదో.

ప్రపంచ నవలలు ముందు రుచి చూసి తీసుకోవాలనుకునేవాళ్లకి మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’ ఉంది, ‘స్వాతి’లో వచ్చిన నవలా పరిచయాలు. చక్కటి తెలుగు. కానీ ఆమె కథ చివరిదాకా చెబుతారు. ఏ నవల చదవాలో తేల్చుకోవడానికి మొదటి రెండు పేజీలు చదివి ఆపాలి, ఆపగలిగితే.

తెలుగు పాతవాటిల్లో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చిన్నదే, నాలుగు రోజుల రైలు. కానీ సీతారామారావు తనతో తాను వాదించుకుంటూ ప్రతి పనీ వాయిదా వేస్తుంటాడు. ఏమీ చదవలేకపోతున్నాననుకునే మనిషికి ఆ పుస్తకం తననే తిడుతున్నట్టుంటుంది. చదువు గాడిన పడ్డాక తీయండి, అప్పుడు దెబ్బ సరైన చోట తగులుతుంది. చండీదాస్ కావాలంటే ‘అనుక్షణికం’ కంటే ముందు ‘హిమజ్వాల’. ఆయన తిరుపతిలో ఫిలాసఫీ చెప్పిన మనిషి, వాక్యం చిక్కగా ఉంటుంది, నెమ్మదిగా చదవాల్సిందే.

కావలి ప్యాసింజర్:

రైలుకు పతంజలి, జేబులో త్రిపుర ప్రింటు. రాత్రికి గొగోల్, మధ్యమధ్య కాల్వినో ఊళ్లు. ఇలా సర్దుకుంటాను. నిలబడి చదివేటప్పుడు ఎంతసేపు అన్నది ముందే పెట్టుకోవాలా, లేక ఎంత నడిస్తే అంతా?

పెన్నా గట్టు:

ముందే పెట్టుకోండి, కానీ పేజీల్లో కాదు, స్టేషన్లలో. కావలి నుంచి బిట్రగుంట దాకా చదవడం, అక్కడినుంచి నెల్లూరు దాకా కిటికీ. పేజీల లెక్క పెడితే తేలిక పేజీ కోసం తడుముకుంటారు. వారం పోయాక బిట్రగుంట దగ్గర ఆపాలనిపించకపోతే కొడవలూరు దాకా పొండి.

ఆపేటప్పుడు అధ్యాయం చివర ఆపొద్దు, సంభాషణ మధ్యలో ఆపండి. అధ్యాయం అయిపోతే మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి, మధ్యలో ఆపితే కొనసాగిస్తే చాలు. ‘మెటమార్ఫసిస్’ ఒక్కదానికే ఈ లెక్క వర్తించదు, కారణం పైన చెప్పాను. తిరుగు బండిలో కొత్త పేజీ వద్దు. పొద్దున చదివిన చివరి రెండు పేజీలు మళ్లీ చూడండి. సాయంత్రం జనం ఎక్కువ, కన్ను అలిసి ఉంటుంది, కొత్తది ఎక్కదు.

ఇరవై పేజీలు పోయాక కూడా ఒక పుస్తకం నడవకపోతే పేజీ నంబరు వెనక అట్ట లోపల రాసి అరలో పెట్టేయండి. త్రిపుర ప్రింటుకు ఆ ఇరవై లెక్క కూడా వద్దు, కథే అంతకంటే చిన్నది. దాన్ని మాత్రం చివరిదాకా చదివి అప్పుడు చెప్పండి నచ్చిందో లేదో.